మినహాయింపులు ఏవీ లేవు

ఏడేళ్ళుగా ఒక మాట నా లోపల అరగకుండా ఉంది. పట్టపగలు, నలభై మంది ముందు, ఎవరూ బలవంతం చేయకుండా నేను చెప్పిన మాట. చెప్పడానికి రెండు సెకన్లు కూడా పట్టలేదు. అది అబద్ధం. ఆ అబద్ధంతో ఒక ఆడపిల్లకు పనిమంతురాలనే పేరు పోయింది. పోగొట్టింది నేనని ఆ పిల్లకూ నాకూ తప్ప మొన్నమొన్నటిదాకా ఇంకెవరికీ తెలియదు. ఒకరికి తెలిసే ఉంటుందని అనుమానపడేవాణ్ణి. ఆ సంగతి చివర్లో చెబుతాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకు చెబితే "పోనీలే తాతా, పాత సంగతి" అంటారు. ఆ పోనీలే నాకు అక్కర్లేదు. మధ్యలో నాకు కోపం వస్తే ఓర్చుకోండి. కోపం నాకు పాత జబ్బు. దీనికంతటికీ మూలం కూడా అదే.

దాచేపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలకు వెళ్ళే రోడ్డు మీద మా లారీ ఓనర్ల అసోసియేషన్ ఆఫీసు ఉంది. నేను అందులో గుమాస్తాని. ముప్పై ఏళ్ళకు పైగా సీరియల్ పుస్తకం రాశాను. సీరియల్ అంటే వంతు. ఫ్యాక్టరీలో లోడు తయారైనప్పుడు ఏ లారీ వెళ్ళాలో చెప్పేది ఆ పుస్తకమే. ముందు వచ్చిన బండికి ముందు లోడు. ఒకసారి వంతు తప్పితే మళ్ళీ రావడానికి పది పదిహేను రోజులు పట్టేది. అందుకే యార్డులో ఎంత మొండివాడైనా నా పుస్తకం ముందు గొంతు తగ్గించేవాడు.

నేను చదివింది ఐదో తరగతి, వెల్దుర్తిలో. ఆ తర్వాతదంతా నా అంతట నేను నేర్చుకున్నదే. క్లీనర్‌గా తిరిగిన రోజుల్లో పర్మిట్ల మీదా, టైర్ల మీదా, చెక్‌పోస్టు బోర్డుల మీదా ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కున్నాను. నరసరావుపేటలో తోపుడుబండి మీద పాత డిక్షనరీ కొని, అట్ట ఊడిపోయేదాకా చదివాను. ఆఫీసుకు కంప్యూటర్ వస్తే, డిగ్రీలు చదివినవాళ్ళు మూడు నెలలు దాని మీద గుడ్డ కప్పి ఉంచారు. ఆ గుడ్డ తీసింది నేను. ఇదంతా గొప్పకు చెప్పడం లేదు. కాదు, గొప్పకే చెబుతున్నాను. ఆ గొప్పే ఆ రోజు నా చేత ఆ పని చేయించింది.

పుస్తకంలో ఒక గుర్తు ఉండేది. ఎర్ర సున్నా. ఓనరు ఇంట్లో చావు జరిగితే ఆ బండి వంతును నేను కొట్టేయను. నంబరు చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుడతాను. దినాలు అయ్యేదాకా ఆ వంతు అక్కడే ఆగి ఉంటుంది. ఆ మనిషి గుండు మీద తువ్వాలు కప్పుకుని యార్డుకు తిరిగొచ్చిన రోజు, తర్వాతి లోడు అతనిదే. ముస్లింల ఇళ్ళలో ఎన్నాళ్ళు ఆగాలో వాళ్ళను అడిగి అట్లాగే ఆపేవాణ్ణి. ఇది ఎవరో పెట్టిన రూలు కాదు. ఎక్కడా రాసి లేదు. నాకు ముందున్న గుమాస్తా చేసేవాడు, నేనూ చేశాను. పైకి ఎవరూ అనేవాళ్ళు కూడా కాదు. లారీ మీద బతికేవాడు బండి దగ్గర చావు మాట ఎత్తడు. ఎర్ర సున్నా సంగతి యార్డులో అందరికీ తెలుసు, ఒక్కరి నోటా రాదు. నోరు తెరిచి చెప్పాల్సి వస్తే చెప్పాల్సినవాడు ఒక్కడే. నేను.

ఏడేళ్ళ క్రితం ఎండాకాలంలో కమిటీవాళ్ళు సీరియల్‌ను ఫోన్లలోకి మార్చాలని తీర్మానం చేశారు. డ్రైవరు ఎక్కడ ఉన్నా తన వంతు ఎన్నోదో యాప్‌లో చూసుకోవచ్చు, అదే లిస్టు ఆఫీసులో వెబ్‌సైటు మీదా కనిపిస్తుంది. మంచిదే. నేను కాదనను. కానీ ఆ తీర్మానం సంగతి నాకు ఎవరు చెప్పారో తెలుసా? టీ కొట్టాయన. గ్లాసు చేతికిస్తూ, "నీ పుస్తకం మూసేస్తన్నారంటగా" అన్నాడు. ముప్పై ఏళ్ళు దాన్ని రాసినవాడికి ఆ మాట చెప్పడానికి కమిటీలో ఒక్కడికీ నోరు రాలేదు. మర్నాడు మా సెక్రటరీ ఎదురుపడి, ఇంక నువ్వు రెస్టు తీసుకోవచ్చు అని భుజం తట్టాడు. రెస్టు. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

యాప్ పని అప్పగించింది రెహానాకు. మా ఆఫీసు ఎదురు షెడ్డులో డీజిల్ ఇంజన్లు బాగుచేసే మస్తాన్ కూతురు. నరసరావుపేటలో ఇంజనీరింగ్ చదివింది. ఇంటి దగ్గరే కూర్చుని రెండు మూడు దుకాణాలకు చిన్న యాప్‌లు చేసి ఇచ్చింది. ఇది ఆమెకు దొరికిన మొదటి పెద్ద పని.

కమిటీవాళ్ళంతా నన్ను దాటుకుని వెళ్ళిపోయారని చెప్పాను కదా. ఆ పిల్ల మాత్రం నా బల్ల దగ్గరకే వచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. మూడు రోజులు వచ్చింది. లారీ వచ్చినప్పటి నుంచి లోడు ఎత్తేదాకా ఏమేం జరుగుతాయో అడిగి రాసుకుంది. పాత పుస్తకాలు చూపించమంటే, అవి బీరువాలో అడుగున ఉన్నాయని అప్పటికి రాస్తున్న కొత్త పుస్తకం ఒక్కటే ముందు పెట్టాను. అందులో అప్పటికి ఎర్ర సున్నా ఒక్కటీ లేదు. ఆ సంగతి నాకు తెలిసే ఇచ్చాను.

మూడో రోజు ఒక కాటా చీటీ వెనక్కి తిప్పి, దాని మీద రెండు గీతలు గీసింది. ఫోన్లో కనిపించే బొమ్మ పెద్ద పని కాదంది. వెనకాల లిస్టు ఎక్కడ ఉంటుంది, ఎవరి వంతు ఎప్పుడో ఎవరు తేలుస్తారు, అది అసలు పని. దాన్నే బ్యాకెండ్ అంటారు. అది ఎంచుకోవడానికి రెండు దారులున్నాయంది. ఒకటి తయారుగా దొరికేది. డ్రైవరు బటన్ నొక్కగానే టైము పడుతుంది, ఆ టైము ప్రకారం లిస్టు దానంతటదే తయారవుతుంది. సిగ్నల్ లేని చోట ఫోనే దాచుకుని తర్వాత పంపిస్తుంది. నెల రోజుల్లో అయిపోతుంది. రెండోది మనమే కట్టుకునేది. సర్వర్ మనం చూసుకోవాలి, రూల్స్ అన్నీ మనమే రాసుకోవాలి, నాలుగు నెలలు పడుతుంది. కాకపోతే ఎంత మెలికల రూలైనా అందులో పెట్టుకోవచ్చు.

నాకు అంతా అర్థమైంది. మీరు నమ్మండి, నమ్మకపోండి, అప్పుడు ఆ గదిలో ఆ ప్రశ్నకు సరైన జవాబు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఎర్ర సున్నా ఉన్న చోటికి మొదటి దారి పనికిరాదు. రెండోదే కావాలి.

"ఇప్పుడు చెప్పండి తాతా," అంది. "వచ్చినోళ్ళు వచ్చినట్టేనా? మధ్యలో ఎవరి వంతన్నా ఆగిద్దా, జరిగిద్దా?"

"లేదమ్మా. వచ్చినోడు వచ్చినట్టే."

"ఇన్నేళ్ళ నుంచి రాస్తన్నారు, ఒక్క తేడా కూడా లేదా? ఆలోచించుకుని చెప్పండి. ఒక్కటున్నా నేను రెండో దారే పోతా. సెక్రటరీ గారు తొందరపెడితే ఆయనకు నేను చెప్పుకుంటాలే."

"ఏందమ్మా, ముప్పై ఏళ్ళు రాసింది నువ్వా నేనా?"

నవ్వింది. "మీరే తాతా. అందుకేగా మిమ్మల్ని అడిగేది."

తర్వాత పొడుగు నోట్‌బుక్ తీసి తను రాసుకున్నదంతా నాకు చదివి వినిపించింది. చివర ఒక గీత కొట్టి, దాని కింద రాసింది: మినహాయింపులు ఏవీ లేవు. ఆ వాక్యం కింద నన్ను సంతకం పెట్టమంది. పెట్టాను. నా సంతకం అచ్చు వేసినట్టు ఉంటుందని వాళ్ళ నాన్న చెబుతుంటాడంది. నిజమే, అప్పుడు ఒక్క గీత కూడా పక్కకు పోలేదు.

ఎందుకు చెప్పలేదు? ఏడేళ్ళుగా ఈ ప్రశ్నను అటు తిప్పీ ఇటు తిప్పీ చూస్తున్నాను. కొత్త పని మొదలుపెట్టేటప్పుడు చావు మాట ఎందుకని ఊరుకున్నానని కొన్నాళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అందులో కొంచెం నిజం ఉంది కాబట్టి ఆ సాకు చాలా కాలం నిలబడింది. కమిటీలో అందరికీ తెలిసిన సంగతే కదా, వాళ్ళలో ఎవరో ఒకరు చెబుతారులే అని కూడా అనుకున్నాను. ఎవరూ చెప్పరని నాకంటే బాగా తెలిసినవాడెవడు? అసలు సంగతి ఇది. యాప్ ఒకరోజు బోల్తా పడాలి. అప్పుడు అందరూ నా బల్ల చుట్టూ చేరి పుస్తకం తెరవమని అడగాలి. నాకు కోపం కమిటీ మీద. దెబ్బ పడింది మాత్రం నన్ను మనిషిగా లెక్కపెట్టిన ఒకే ఒక్క మనిషి మీద. ఆ తేడా నాకు ఆ రోజే తెలుసు. తెలిసే సంతకం పెట్టాను.

యాప్ మొదలైంది. కొబ్బరికాయ కొట్టారు. నేను వెనక నిలబడ్డాను. నిజం ఒప్పుకోవాలి, చాలా బాగా పనిచేసింది. మాచర్ల దాటి ఎత్తిపోతల వైపు సిగ్నల్ పోయే చోట కూడా ఒక్క బండి వంతు చెదరలేదు. డ్రైవర్లు రెహానాను చెల్లెమ్మా అని పిలవడం మొదలుపెట్టారు. మాచర్ల వైపు రాయి తోలే లారీలవాళ్ళు తమకూ ఇలాంటిదే చేసిపెట్టమని ఆమెతో మాట్లాడుకున్నారు. షెడ్డులో నడుస్తున్నప్పుడు మస్తాన్ ఛాతీ కొంచెం ముందుకు వచ్చేది. నేను చూశాను. ఇవన్నీ చూస్తూ ఎదురుచూశాను. దేని కోసం ఎదురుచూశాను? ఎవరో ఒకరి ఇంట్లో చావు కోసం. ఈ వాక్యం రాయడానికి నాకు చాలా సేపు పట్టింది.

నాలుగో నెలలో ఏడుకొండలు తల్లి పోయింది. ఏడుకొండలుది సొంత బండి, తనే డ్రైవరు. లిస్టులో రెండో వంతులో ఉన్నవాడు బండి యార్డులో వదిలేసి ఊరికి వెళ్ళాడు. అతని వంతు వచ్చింది. యాప్ పిలిచింది. జవాబు లేదు. అరగంట ఆగి లిస్టు చివరికి పంపింది. దానికి చెప్పిన రూలు అదే. దినాలు చేసుకుని గుండుతో తిరిగొచ్చి ఫోను తెరిస్తే అతని నంబరు ఎనభై మూడు.

రెహానాను పిలిపించారు. భుజానికి సంచితో వచ్చింది. ఆఫీసు నిండా మనుషులు. వాకిట్లో మస్తాన్, చేతులకు గ్రీజుతో అట్లాగే వచ్చి నిలబడ్డాడు. ఏడుకొండలు అరవలేదు. అరిచినా బాగుండేది. "ఏమ్మా, మీ ఇళ్ళల్లో చావులు లేవా?" అని మాత్రం అడిగాడు.

ఆ పిల్ల అతని వైపు తిరిగింది. "అన్నా, వంతు ఆపే పద్ధతుందని నాకెవరూ చెప్పలా," అంది. "తేడాలేమన్నా ఉన్నాయా అని తాతను నేను అడిగా."

అందరూ నా వైపు తిరిగారు. సెక్రటరీ, "అడిగిందా తాతా?" అన్నాడు.

అప్పుడు నేను నిజం చెప్పి ఉంటే ఏం జరిగేది? ముసలోడు మర్చిపోయాడులే అనుకునేవాళ్ళు. అంతే. నాకు ఒక్క పూట చిన్నతనం. కానీ మర్చిపోయాడనే మాటే నాకు గిట్టదు. జ్ఞాపకమే నా బతుకు. ఏ ఏడు ఏ బండి ఎన్నో వంతులో ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలిగినవాణ్ణి, మర్చిపోయానని నలుగురిలో ఒప్పుకోవాలా? మర్చిపోలేదు, కావాలనే దాచానని చెప్పాలా? రెండూ నా వల్ల కాలేదు. మూడోది చెప్పాను.

"నన్నేమీ అడగలా."

రెహానా చెయ్యి సంచి జిప్పు మీద ఉంది. పొడుగు నోట్‌బుక్ అంచు పైకి కనిపిస్తోంది. అందులో నా సంతకం ఉంది. నేను చూశాను, నేను చూసినట్టు ఆమె చూసింది. తర్వాత జిప్పు మీద నుంచి చెయ్యి తీసేసింది. పది రోజులు టైమిస్తే వెనకాల మార్చి సరిచేస్తానంది. సరిచేసేదే, నాకు అనుమానం లేదు. కానీ అడగడమే చేతకాని మనిషికి పది రోజులు ఎవరిస్తారు? నా మాట తర్వాత ఎవరూ ఇవ్వలేదు.

అప్పుడు నేను కోరుకున్నదే జరిగింది. పుస్తకం తెరవమన్నారు. ఏడుకొండలు నంబరు రాసి చుట్టూ ఎర్ర సున్నా చుట్టాను. చుట్టేటప్పుడు నాకు సంతోషంగా ఉంది. అది కూడా మీకు చెప్పాలి.

మాచర్లవాళ్ళు పని వద్దన్నారు. వీళ్ళకు చావుపుట్టుకల పద్ధతులు ఏం తెలుస్తాయని ఒకడు టీ కొట్టు దగ్గర అన్నాడు. ఆ మాటకు దారి వేసింది నేనే. విని గ్లాసు కిందపెట్టి లేచి వచ్చేశాను. అంతకుమించి ఏం పీకాను? రెహానా నరసరావుపేట వెళ్ళి ఎక్కడో కంప్యూటర్ మీద పేర్లు ఎక్కించే పనిలో చేరిందని తెలిసింది. మళ్ళీ సొంతంగా యాప్‌ల పని మొదలుపెట్టడానికి ఆమెకు నాలుగేళ్ళు పట్టింది.

ఆమె ఆ నోట్‌బుక్ ఎందుకు తీయలేదు? నా మీద జాలిపడిందనుకునేవాణ్ణి. అట్లా అనుకుంటే నాకు సుఖంగా ఉండేది. జాలి కాదేమో. కాగితం చూపించి ముసలివాణ్ణి తలవంచుకునేలా చేస్తే, ఆ నలభై మంది ఎవరి పక్కన నిలబడతారో ఆ ఒక్క క్షణంలో లెక్క వేసుకుందేమో. ఎదురుగా షెడ్డు ఉంది, ఆ షెడ్డుకు రావాల్సింది ఆ లారీలే. ఇరవై మూడేళ్ళ పిల్ల అంత లెక్క వేసుకోవాల్సి వచ్చిందంటే ఆ పాపం ఎవరిది?

ఇక మస్తాన్. ఏడేళ్ళుగా ప్రతి ఉదయం నేను ఆఫీసు తాళం తీసేటప్పుడు రోడ్డవతల నుంచి చెయ్యెత్తి "సలాం పెద్దాయనా" అనేవాడు. ఆ రోజుకు ముందు అనేవాడు, ఆ రోజు తర్వాతా మానలేదు. ఇంటికి వెళ్ళాక కూతురు నోట్‌బుక్ చూపించకుండా ఉంటుందా? నా సంతకం అతనికి తెలుసు. తెలిసీ సలాం చెబుతున్నాడంటే ఎంత పెద్ద మనసు, లేకపోతే ఎంత పెద్ద శిక్ష అని రోజూ అనుకునేవాణ్ణి. తాళం చెవి తడబడేది. రోడ్డు చుట్టుతిరిగి వెనక గుమ్మం నుంచి రావడం కూడా కొన్నాళ్ళు చేశాను.

ఈ నెల్లో మళ్ళీ ఆ మాట వచ్చింది. నా కళ్ళకు మసక వచ్చింది, పుస్తకం ఇంక సాగదు. కమిటీ మళ్ళీ యాప్ కావాలంది. ముగ్గురు తమ పద్ధతి రాసి పంపారు. ఈసారి సెక్రటరీ ఆ మూడూ తెచ్చి నా బల్ల మీద పెట్టి, బ్యాకెండ్ ఏది మంచిదో నువ్వే చూసి చెప్పు తాతా, నీకు తెలిసినంత మాకు తెలియదు అన్నాడు. ఏడేళ్ళ క్రితం నేను ఆశపడిన మర్యాద ఇదే. ఇప్పుడు వచ్చింది.

భూతద్దం పెట్టుకుని చదివాను. ఇద్దరివి రంగు బొమ్మలు. పది రోజుల్లో అంతా అయిపోతుందట. వాళ్ళలో ఒక్కడూ వంతు ఎట్లా నడుస్తుందో ఎవరినీ అడగలేదు. మూడోది రెహానాది. రెండో దారి ఎంచుకుంది. రూల్స్ మన చేతిలో ఉండాలని రాసింది. మూడో పేజీలో ఒక గడి ఉంది: ఆపిన వంతు. దాని కింద రెండు వరుసలు. "ఇంట్లో మరణం జరిగితే వంతు ఆగాలి. ఇది నాకు తెలిసిన ఒక్క మినహాయింపు, మిగతావి ఆఫీసులో పెద్దాయనను అడిగి రాసుకోవాలి."

భూతద్దం కింద పెట్టేశాను. ఇంకా నన్నే అడగాలని రాసింది. ఎగతాళి అనుకుందామని చూశాను, ఆ రెండు వరుసల్లో ఎగతాళి ఎక్కడా కనిపించలేదు. పని తెలిసిన మనిషి పని గురించి రాసిన వాక్యం అది, అంతే.

మధ్యాహ్నం సెక్రటరీ వచ్చి, ఆ అమ్మాయిది పక్కన పెట్టు తాతా, అప్పుడు అడగటమే చేతకాలా అన్నాడు. నేను, "అడిగింది," అన్నాను. అతను ఫోన్లోంచి తల ఎత్తలేదు. "రెండుసార్లు అడిగింది. నేనే ఏమీ లేవని చెప్పా," అన్నాను. అప్పుడు తల ఎత్తి నవ్వాడు. ఏడేళ్ళ నాటి సంగతి నీకిప్పుడేం గుర్తుంటుందిలే అన్నాడు. నాకు! గుర్తుండదట! అబద్ధం చెప్పిన రోజు నా జ్ఞాపకాన్ని సాక్ష్యంగా తీసుకున్న మనిషి, నిజం చెప్పిన రోజు దాన్ని ముసలితనం కింద కొట్టేశాడు.

అందుకే కాగితం మీద పెట్టాను. మూడింటిలో ఏది తీసుకోవాలో రాశాను, ఎందుకో రాశాను. ఆ పిల్లకు తెలియని మినహాయింపులు ఇంకో రెండు ఉన్నాయి, అవీ రాశాను. ఏడేళ్ళ క్రితం నన్ను అడిగిందనీ, నేను దాచాననీ, తర్వాత నలభై మంది ముందు అడగలేదన్నాననీ, ఆమె నోట్‌బుక్‌లో నా సంతకం ఉందనీ రాశాను. సంతకం పెట్టేటప్పుడు ఒక గీత పక్కకు పోయింది. దాని నకలు ఒకటి సెక్రటరీకి ఇచ్చాను. మడిచి జేబులో పెట్టుకున్నాడు. కమిటీ ఎల్లుండి. చదువుతాడో లేదో, చదివినా పని ఆమెకే ఇస్తారో లేదో నాకు తెలియదు.

రెండో నకలు పట్టుకుని రోడ్డు దాటాను. మస్తాన్ పాత ఇంజన్ ఒకటి విప్పుకుని కూర్చున్నాడు. అమ్మాయికి చేర్చమని కాగితం ఇచ్చాను. నువ్వూ చదువు అన్నాను. చేతులు గుడ్డకు తుడుచుకుని తీసుకున్నాడు. నేను ఆగలేదు.

ఈ ఉదయం ఎప్పటిలాగే ఆఫీసు తాళం తీయబోయాను. రోడ్డవతల మస్తాన్ ఉన్నాడు. నన్ను చూశాడు. చెయ్యి ఎత్తలేదు. తల వంచి ఇంజన్‌లోకి చూసుకున్నాడు.

అంటే అతనికి ఇన్నాళ్ళూ తెలియదు. ఆ పిల్ల ఇంట్లో కూడా చెప్పలేదు. ఏడేళ్ళ సలాములూ నేను మోసపుచ్చి తీసుకున్నవే.

తాళం వైపు తిరిగాను. ఇక నుంచి రోజూ ఇట్లాగే ఉంటుంది కాబోలు. ఉండనీ. నాకు రావాల్సింది నాకు సరిగ్గా అందిన మొదటి రోజు ఇదే. తాళం చెవి ఈసారి తడబడలేదు.